గంజాయి సంగతి నాయనకు చెప్పండి, రెండో సంగతి తమ్ముడికే వదిలేయండి

ప్రశ్న: మాది ఆదోని. నేను కర్నూలులో ఉద్యోగం చేస్తున్నాను. మా తమ్ముడికి పదిహేడేళ్లు. కర్నూలులోనే హాస్టల్‌లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాడి బ్యాగులో గంజాయి పొట్లం, చుట్టుకునే కాగితాలు దొరికాయి. ఎవరిస్తున్నారో తెలుసుకుందామని వాడికి తెలియకుండా ఫోన్ చూస్తే, తనతో చదివే ఒక అబ్బాయికి రాసిన ప్రేమ సందేశాలు కనిపించాయి. రెండు సంగతులూ అమ్మకు చెప్పాను. అమ్మ గంజాయి సంగతి మాత్రం మామకు చెప్పింది. మామ వచ్చి వాడిని కొట్టాడు. అప్పటినుంచి వాడు ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు, హాస్టల్‌కు వెళ్లిపోయాడు. పదో తరగతిలో ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు కాబట్టి వాడిలో ఏ లోపమూ లేదని, గంజాయే వాడినిలా చేసిందని, ఉరుకుందకు తీసుకెళ్లి మొక్కు చెల్లిస్తే మారతాడని అమ్మ అంటోంది. ఆరు నెలలు డీఅడిక్షన్ సెంటర్‌లో వేసి తాళం పెట్టాలని, ముందు మూత్ర పరీక్ష చేయించాలని మామ అంటున్నాడు. నాయనకు ఇంకా ఏదీ తెలియదు. గంజాయి వల్ల వాడు ఇలా అయ్యాడా, ఇలా ఉన్నందువల్ల గంజాయికి అలవాటు పడ్డాడా? వైద్యం చేయిస్తే మారతాడా? నాయనకు చెప్పాలా, వద్దా?
– ఒక అక్క, కర్నూలు

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు తేలితే తప్ప మిగతా రెండూ తేలవు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. గంజాయి మనిషి జ్ఞాపకాన్ని, నిద్రను, ఆకలిని, చదువు మీద ధ్యాసను దెబ్బతీస్తుంది. ఎవరి మీద మనసు పడుతుందన్నది మాత్రం దాని చేతిలో లేదు. మీ తమ్ముడు గంజాయి ముట్టకపోయినా ఆ అబ్బాయికి ఆ సందేశాలు రాసి ఉండేవాడేమో, ఆ అబ్బాయి పరిచయం కాకపోయినా గంజాయి ముట్టి ఉండేవాడేమో. జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాడిగా ఒక మాట చెప్పగలను: హాస్టళ్లలో గంజాయితో దొరికిపోయిన పిల్లల్లో అమ్మాయిల కోసం తపించినవాళ్లను ఎంతోమందిని చూశాను, వాళ్లలో ఏ ఒక్కరి తల్లీ ‘అమ్మాయిల మీద ఇష్టమే వీడిని గంజాయిలో దింపింది’ అని నాతో అనలేదు. మీ ఇంట్లో ఆ లంకె ఇంత సులువుగా పడిందంటే, రెండూ ఒకే రోజు, ఒకే బ్యాగు వెతుకులాటలో బయటపడడమే అందుకు కారణం.

అయితే ఈ రెండింటికీ మధ్య అసలు సంబంధమే లేదంటే అది కూడా నిజం కాదు. స్వలింగ ఆకర్షణ ఉన్న కౌమారుల్లో మత్తు వాడకం ఎక్కువగా ఉంటోందని ముఖ్యంగా అమెరికాలో చాలాకాలంగా పరిశోధనలు జరిగాయి. అటువంటి 18 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2008లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, తోటి పిల్లలతో పోలిస్తే వీరు మత్తు వైపు మొగ్గే అవకాశాల నిష్పత్తి సగటున దాదాపు మూడు రెట్లు ఉంది. అమ్మాయిల పట్లా అబ్బాయిల పట్లా ఆకర్షణ కలిగే పిల్లల్లో అది ఇంకా ఎక్కువగా కనిపించింది. అవి అక్కడి పిల్లల లెక్కలు, వాటిని తెచ్చి కర్నూలు హాస్టల్‌కు అలాగే అంటించలేము. పైగా అవి సగటులే. అటువంటి పిల్లల్లో ఏ మత్తూ ఎరగనివారు ఎందరో ఉన్నారు. కానీ ఆ తేడా ఎందుకొస్తుందన్న వివరణ మాత్రం మన ఇళ్లకూ వర్తిస్తుంది. ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో చెప్పినదాని సారాంశం ఇది: కీడు ఆకర్షణలో లేదు, దాన్ని అనుక్షణం దాచుకోవాల్సి రావడంలో, తెలిస్తే ఏమవుతుందోనన్న భయంలో, చుట్టూ వినిపించే ఎగతాళిని తన గురించి తానే నమ్మడం మొదలుపెట్టడంలో ఉంది.

ఒక్కసారి మీ తమ్ముడి రోజును ఊహించుకోండి. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో లేచి రాత్రి పదకొండుకు పడుకునేదాకా చుట్టూ మనుషులే ఉంటారు, తనదైన మూల ఒక్కటీ ఉండదు. నడక కాస్త మెత్తగా ఉన్న ఏ కుర్రాడినైనా ‘తేడా’ అనో, ‘పాయింట్ ఫైవ్’ అనో పిలిచే గదిలో, ఆ మాట తన మీదికి రాకుండా ఉండడానికి అందరితో కలిసి తానూ నవ్వాలి. అటువంటి పిల్లవాడికి మేడ మీద గంజాయి తాగే నలుగురు ఒక విధంగా ఆశ్రయమే, ఎందుకంటే ఆ గుంపులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, కలిసి తాగితే చాలు మనవాడే అంటారు. నేను చెబుతున్నదే మీ తమ్ముడి కథ అని అనుకోవద్దు. వాడు ఉత్త కుతూహలంతో మొదలుపెట్టి ఉండవచ్చు, చదువు ఒత్తిడితో మొదలుపెట్టి ఉండవచ్చు. ఏ దారిలో వచ్చాడో వాడే చెప్పాలి. వాడు చెప్పేలోగా మీరు కారణాన్ని నిర్ణయించేసుకుంటే, వాడు చెప్పేది మీకు వినపడదు.

అమ్మగారు పట్టుకున్న పదో తరగతి అమ్మాయి సంగతి కూడా ఇక్కడే ముగిద్దాం. ఆ ఇష్టం నిజమే కావచ్చు, ఈ ఇష్టమూ నిజమే కావచ్చు. కొందరికి ఇద్దరి పట్లా ఆకర్షణ ఉంటుంది. కొందరు నలుగురిలో కలిసిపోవడానికి ఎవరో ఒక అమ్మాయి పేరు చెప్పుకుంటారు. కొందరికి ఈ వయసులో తమ మనసే తమకు ఇంకా పూర్తిగా తెలియదు. ఆ అమ్మాయిని గుర్తుచేసి వాడిని వెనక్కి లాగాలని చూస్తే, అడిగిన ప్రతిసారీ వాడు మీకు కావలసిన అబద్ధమే చెబుతాడు. ‘ఇది వయసు తెచ్చిన పిచ్చి, పోతుంది’ అనడమూ, ‘ఇక వీడింతే’ అనడమూ రెండూ తొందరపాటు మాటలే. వాడికి ఇంకా పదిహేడేళ్లే.

ఇక మీ రెండో ప్రశ్న. మీరు ‘వైద్యం’ అని ఒక్క మాటలో అడిగారు గాని, మీ ఇంట్లో ఆ మాటకు ఇద్దరు రెండు అర్థాలు చెప్పుకుంటున్నారు. గంజాయికి వైద్యం ఉంది, చేయించాలి. ఆకర్షణకు వైద్యం లేదు, అది జబ్బు కాదు కనుక. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం అంతకు ముందే, 1973లో, తీసేసింది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక వ్యాధి నిర్ధారణ అంతర్జాతీయంగా ఆమోదించిన వైద్య ప్రమాణాలను బట్టే జరగాలి. కుటుంబానికో ఊరికో నచ్చని నడవడి ఆధారంగా ఎవరినీ రోగి అనడానికి వీల్లేదు. మద్రాసు హైకోర్టు 2021లో ఈ విషయాన్ని చేపట్టిన తరువాత, మనిషి లైంగిక ఆకర్షణను మారుస్తామంటూ చేసే చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. కాబట్టి హార్మోన్ ఇంజక్షన్లతోనో, కరెంటు పెట్టో, హిప్నాటిజంతోనో మారుస్తామని ఎవరైనా చెబితే, ఆ బోర్డు మీద ఎన్ని డిగ్రీలున్నా అక్కడ ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి.

ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి నేను అడ్డు చెప్పను. శ్రావణంలో మన జిల్లా సగం అక్కడే ఉంటుంది. అమ్మకు మనశ్శాంతి కలిగితే వెళ్లి రావచ్చు, వాడు ఇష్టపడితే వాడూ రావచ్చు. కాని స్వామి ఎదుట నిలబెట్టి ‘ఇకమీదట అట్లా ఉండను’ అని ఒట్టు వేయించవద్దు. నిలబెట్టుకోలేని ఒట్టు వేసిన పిల్లవాడు మీకే కాక దేవుడికీ ముఖం చాటేస్తాడు. సందర్భం వచ్చింది కాబట్టి మరో మాట. మీ ఆదోని పక్కనే సంతెకుడ్లూరులో హోళీ పండుగకు మగవారు చీరలు కట్టుకొని, నగలు పెట్టుకొని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు, దాన్ని ఎవరూ ఎగతాళి చేయరు. ఆ ఆచారానికీ మీ తమ్ముడి మనసుకూ సంబంధం లేదు. నలుగురు ఏమంటారోనని అమ్మగారు పడుతున్న భయం గురించే ఇది చెబుతున్నాను. ఆ నలుగురు అనుకున్నప్పుడు చాలా సంగతులను హుందాగానే చూడగలరు.

గంజాయి విషయానికి వస్తే, దాన్ని తేలికగా తీసుకోమని నేను చెప్పను. ఆకర్షణ గురించి మెత్తగా మాట్లాడుతున్నాను కదా అని దీన్ని కూడా ‘పాపం, బాధలో ఉన్నాడు’ అని వదిలేస్తే వాడికి ద్రోహం చేసినట్టే. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. ఈ వయసులో తరచుగా గంజాయి తాగేవారికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి, కొందరిలో లేని మాటలు వినిపించడం, అందరూ తనకు హాని తలపెట్టారన్న అనుమానం వంటి తీవ్రమైన మానసిక వ్యాధులకూ దారి తీస్తుంది. వంశంలో ఎవరికైనా అటువంటి జబ్బు ఉంటే ఆ ప్రమాదం మరింత ఎక్కువ. ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. ఎంత తరచుగా, ఎంతకాలంగా తాగుతున్నాడో, ఒక్కడే తాగుతున్నాడా, గుంపులోనేనా అన్నవి తెలిస్తే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో అర్థమవుతుంది. రోజూ తాగేవాడు మానేసినప్పుడు ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. మొదటి వారం కష్టంగా ఉంటుంది, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. ఆ రోజుల్లో వాడు విసుక్కుంటే అది పొగరు అనుకోవద్దని మామకు ముందే చెప్పి ఉంచండి.

వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ వంటివి పీలుస్తున్నాడా అని కూడా అడగండి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ జరిపి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో, పెద్దల కంటే పిల్లల్లో వాడకం ఎక్కువగా ఉన్నట్టు తేలినది ఈ పీల్చే పదార్థాలే. 10 నుంచి 17 ఏళ్ల వారిలో అది 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. వీటితో గుండె లయ తప్పి, మొదటిసారి పీల్చినవాడు కూడా అక్కడికక్కడే పోవచ్చు. గంజాయిలా కాలక్రమంలో నష్టం చేసే వస్తువు కాదిది.

చికిత్సకు దూరం వెళ్లనక్కరలేదు. కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మత్తు మాన్పించడం ఆ వైద్యుల పనే. గంజాయిని మాన్పించే ప్రత్యేకమైన మాత్ర అంటూ ఏదీ లేదు. ఎక్కువగా కూర్చోబెట్టి మాట్లాడడం, కోరిక కలిగిన గంటను ఎలా దాటాలో నేర్పడం, నిద్రకూ ఆందోళనకూ అవసరమైతే మందులివ్వడం ఉంటుంది. మొదట ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే 14416కు చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

మామగారి తాళం మాట మాత్రం ఇంట్లో ఇక రానివ్వవద్దు. మత్తుకు సంబంధించిన మానసిక సమస్యలు కూడా 2017 చట్టం పరిధిలోకి వస్తాయి. మైనర్‌ను చేర్చుకోవాలంటే అది తప్పనిసరి పరిస్థితి అయి ఉండాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. పెద్దల వార్డుతో కలపకూడదు, సంరక్షకుడో వారు నియమించినవారో చేరినంతకాలం పక్కన ఉండాలి, 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలియజేయాలి. ఆరు నెలల డబ్బు ముందే కట్టించుకొని, పిల్లవాడిని కలవనివ్వం, ఫోన్ ఇవ్వం అనే చోటు ఈ నియమాల్లో ఒక్కటీ పాటించదని నిశ్చయంగా అనుకోవచ్చు. అంతేకాక, గుట్టు దాచుకున్న పిల్లవాడిని ముక్కూమొహం తెలియని పెద్ద మగవాళ్ల మధ్య వదిలేస్తే వాడికి ఏం జరగవచ్చో మామగారికి విడమరచి చెప్పనక్కరలేదనుకుంటాను.

నాయనకు చెప్పాలా అంటే, గంజాయి సంగతి చెప్పాలి. వాడు మైనర్ కాబట్టి చికిత్సకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఎవరో మార్కెట్ యార్డులో చెప్పగా వినడం కంటే మీ నోటినుంచి వినడమే ఆయనకూ గౌరవం. మామ కొట్టిన సంగతి కూడా అప్పుడే చెప్పండి, అలా అయితే రెండోసారి కొట్టడాన్ని ఆయనే ఆపుతారు. సందేశాల సంగతి చెప్పవద్దు. అది మీది కాదు, వాడిది. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో లేదో వాడు నిర్ణయించుకోవాలి. ఇప్పటికే మీ ద్వారా అమ్మకు చేరింది. అక్కడితో ఆగేలా అమ్మ దగ్గర మాట తీసుకోండి. వైద్యుడికి కూడా మీరు చెప్పవద్దు, వాడే చెప్పుకునేలా వైద్యుడి దగ్గర వాడిని ఒంటరిగా కూర్చోనివ్వండి. రోగి వివరాలను గోప్యంగా ఉంచాల్సిన బాధ్యతను అదే చట్టం వైద్యుల మీద పెట్టింది.

కాని మీ తమ్ముడితో మీరు దాచకూడదు. తెలిసీ తెలియనట్టు నటిస్తే, రేపు అమ్మ నోరు జారినప్పుడు మీ ఇద్దరి మధ్య ఉన్న నమ్మకం కూడా పోతుంది. ఆదివారం ఔటింగ్‌కు వాడిని బయటికి తీసుకెళ్లి, ఎదురెదురుగా కూర్చోకుండా, తుంగభద్ర ఒడ్డునో ఎక్కడో నడుస్తూ చెప్పండి. మీ ఇంటి మాటలోనే చెప్పండి: ‘రేయ్, ఆ రోజు నీ ఫోన్ చూసినాను. అమ్మకూ చెప్పినాను, అది తప్పే. నాయనకూ మామకూ నేను చెప్పేది లేదు. నువ్వు ఎవరిని ఇష్టపడినా నాకు తమ్ముడివే. గంజాయి మాత్రం నేను ఒప్పుకోను, దానికి డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోదాం.’ వాడు కోపగించుకోవచ్చు, అంతా అబద్ధమనవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. ఆ రోజే ఒప్పించాలని చూడకండి. అయితే ఏది చెప్పినా దాస్తానని మాత్రం మాట ఇవ్వకండి, ప్రాణానికి ముప్పున్న మాట వస్తే దాచలేరు కనుక. చచ్చిపోవాలనిపిస్తోందా అని వాడిని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అలా పుట్టదు. అవునన్నా, మౌనంగా ఉన్నా, ఆ రాత్రి వాడిని హాస్టల్‌లో ఒంటరిగా వదలకండి, మరునాడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ రెండో అబ్బాయి గురించి మీరు ఏమీ అడగలేదు గాని, అమ్మకో మామకో పోలీసుల ఆలోచన వస్తే ఇది గుర్తుంచుకోండి. పెద్దవారి మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పిచ్చింది. కాని 18 ఏళ్లు నిండనివారి విషయంలో, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ఆడా మగా అని చూడదు, ఇష్టమా కాదా అనీ చూడదు. సందేశాలు రాసుకున్నంత మాత్రాన నేరం కాదు. అయినా బెదిరించడానికని ఠాణా మెట్లెక్కితే ఇద్దరు పిల్లలూ ఇరుక్కుంటారు. గంజాయి ఇస్తున్నది వయసులో పెద్దవాడైతే, ముఖ్యంగా దానికి బదులుగా మీ తమ్ముడి నుంచి ఏదైనా ఆశిస్తున్నా, ఫోటోలు పెట్టుకొని భయపెడుతున్నా, అప్పుడు ఫిర్యాదుకు వెనకాడనక్కరలేదు. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవాడికి 2015 నాటి బాల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది, గంజాయి అమ్మకాల సమాచారం ఇవ్వడానికి మన రాష్ట్రంలో 1972 ఉంది. మీ తమ్ముడినే పట్టుకుంటారేమో అన్న భయానికి జవాబు కూడా చట్టంలోనే ఉంది. మత్తుకు అలవాటుపడి, తానుగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేసేవారికి, వాడకం, చిన్న మొత్తం కేసుల్లో మత్తుపదార్థాల నేరాలకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది.

కాలేజీ మాన్పించవద్దు. పబ్లిక్ పరీక్షల ముందు ఇంట్లో కూర్చోబెడితే గంజాయి దొరకకపోవచ్చు గాని, వాడికి మిగిలిన స్నేహాలన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. సరుకు హాస్టల్‌లోనే దొరుకుతోందని తేలితే మీ గదికి తెచ్చుకొని డేస్కాలర్‌గా పంపండి. ఇక మూత్ర పరీక్ష: తరచుగా తాగినవాడు పూర్తిగా మానేసినా, కొన్ని వారాలపాటు ఆ పరీక్షలో గంజాయి జాడ కనిపిస్తూనే ఉంటుంది. మామగారు మెడికల్ షాపులో కిట్టు కొని ఇంట్లో చేయిస్తే, నిజంగా మానేసిన పిల్లవాడు అబద్ధాలకోరుగా తేలి మళ్లీ దెబ్బలు తింటాడు. పరీక్ష అవసరమో కాదో వైద్యుడు చెబుతారు. అవసరమైతే అది వాడికి తెలిసే జరగాలి, దాని ఫలితం మొదట వాడికే చెప్పాలి.